చాంది ఎత్తు బెల్లం

కామారెడ్డి, ఎల్లారెడ్డి వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో అందరూ అడిగింది ఒకటే, "అక్కడ చూడ్డానికేముంది?" అని. మా ఆడపడుచైతే గుళ్ళున్నాయా, జలపాతాలున్నాయా అని ఆరా తీసింది. ఉన్నాయో లేవో నాకు తెలియదు తల్లీ, నేను చూడటానికి వెళ్ళింది అంగన్‌వాడీలను అన్నాను. ఆవిడ ముఖం చూడాలి ఆ క్షణంలో. సెలవు పెట్టుకుని ఎవరైనా పిల్లల ముక్కులు చూడటానికి వెళ్తారా అన్నట్టు చూసింది.

సెలవు కాదు, ఉద్యోగమే. హైదరాబాదులో ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలకు మూడు నెలల పాటు పాటలు, ఆటలు, పిండి వండటం, పిల్లల్ని తూచటం నేర్పి అంగన్‌వాడీ టీచర్లుగా పంపడం నా పని. కోపం ఎక్కువని నాకు పేరుంది. ముఖ్యంగా దిష్టి, తాయెత్తు, మొక్కు అన్న మాటలు నా తరగతిలో వినిపిస్తే ఊరుకోను. అలా తిట్టి తిట్టి పంపిన పిల్లలు అక్కడ ఏం చేస్తున్నారో నేనెప్పుడూ చూడలేదు. దీపావళి వెళ్ళాక, ఒకసారి చూసి రండి అని పైవాళ్ళు పంపారు.

కామారెడ్డి

సికింద్రాబాదులో ఎక్కిన మీటర్ గేజి రైలు ప్రతి స్టేషన్‌లోనూ చుట్టాన్ని పలకరించినట్టు ఆగింది. భిక్నూరు దాటాక కిటికీలోంచి చెరుకు తోటలు కనిపించాయి. కామారెడ్డిలో దిగగానే ముందు తగిలింది వాసన. బెల్లం వాసన. మార్కెట్ వీధంతా ముద్దలు ముద్దలుగా బెల్లం, దాని చుట్టూ ఈగలు, ఈగల్ని పట్టించుకోకుండా బేరాలాడే మనుషులు. మా వైపు బెల్లం పాకంలో కనిపిస్తుంది, లేదా పండక్కి అరిసెల్లో కనిపిస్తుంది. ఇక్కడ బస్తాల్లో, బళ్ళలో, మనుషుల బట్టల మీద కూడా ఉంది.

నన్ను తీసుకెళ్ళడానికి నజ్మా వచ్చింది. ఆ చుట్టుపక్కల అంగన్‌వాడీలను తనిఖీ చేసే సూపర్‌వైజరు ఆమె. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, నడక మాత్రం పరుగే. అర్ధరూపాయి ఇచ్చి కప్పులో సగం చాయ్ తాగించి, ఇక తిండి హోటల్లో వద్దని తన ఇంటికి లాక్కుపోయింది. వాళ్ళమ్మ నా కోసం కొత్త గిన్నెలో విడిగా ఖట్టీ దాల్, అంటే పుల్లటి పప్పు వండి, ఆ గిన్నెలో మాంసం ఎప్పుడూ వండలేదని నాకు రెండుసార్లు చెప్పింది. అంత అవసరం లేదమ్మా అన్నాను. మా అత్తగారు బతికుంటే ఆ గిన్నె సంగతి అసలు అడిగేది కాదు, ఆ గడప దగ్గరే వెనక్కి తిరిగేది. నాకు సిగ్గేసింది, ఆకలీ వేసింది. కడుపునిండా తిన్నాను.

ఎల్లారెడ్డి

మర్నాడు బస్సులో ఎల్లారెడ్డి. బస్సు దిగేటప్పుడు నా చెప్పు వారు తెగింది. కొత్త చెప్పులు కొనడానికి టైము లేదని నజ్మా పిన్నీసు పెట్టి ఇచ్చింది. ఆ పిన్నీసుతోనే మిగతా యాత్రంతా చేశాను. వేలికి ఇప్పటికీ మచ్చ ఉంది.

అంగన్‌వాడీ ఆఫీసు గదిలో సగం పిండి బస్తాలు, నూనె డబ్బాలు. మిగతా సగంలో టీచర్లు నేల మీద కూర్చున్నారు. అందులో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. నన్ను చూసి కొంగు సర్దుకున్నారు, నేనింకా తిడతానేమో అని. ఒక్కొక్కరినీ అడుగుతుంటే కష్టాలు బయటికొచ్చాయి. పిండి ఆలస్యంగా వస్తుంది, గది అద్దె ఎవరిస్తారో తెలియదు. అవి ఎక్కడైనా ఉండేవే. లంబాడీ తండాల్లో పనిచేసే టీచర్లు చెప్పింది మాత్రం నాకు కొత్త. దీపావళి కాగానే లారీ వస్తుంది. తల్లీ తండ్రీ మహారాష్ట్ర వైపు చెరుకు కొట్టడానికి పోతారు, పిల్లల్ని కూడా తీసుకుపోతారు. ఉగాదికి గాని తిరిగిరారు. అన్నాళ్ళూ పిల్లలు చెరుకు చేలో, ఆకు గుడిసెల్లో ఉంటారు. అక్కడ పాట లేదు, పిండి లేదు, జ్వరమొస్తే మందు లేదు. తిరిగొచ్చిన పిల్లల్ని మళ్ళీ మొదటి నుంచి మనుషుల్లో కలపాలి. కొందరు తిరిగిరారు కూడా.

మేం కేంద్రాన్ని ఊరికి ఇస్తాం. గోడ కడతాం, బోర్డు పెడతాం, కాంటా పంపుతాం. ఈ పిల్లలు సగం ఏడాది ఆ ఊళ్ళో ఉండనే ఉండరు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి నాకు ఆ సంగతి తెలియకపోవడం మీద నాకే ఒళ్ళు మండింది.

సాయంత్రం ఉడికించిన శనగ గుడాలు నములుతూ నజ్మా ఒక మాట అంది. గాంధారి దగ్గర ఒక తండాలో మాత్రం పిల్లలు ఉంటున్నారట. అందరూ కాదు, సగానికి పైగా. "ఎట్ల ఆపుతదో నాకైతే సమజ్ కాలే మేడమ్. మీ శాంతనే," అంది. శాంత నాకు గుర్తుంది. తరగతిలో వెనక కూర్చుని నోరు విప్పని పిల్ల. పొద్దున్నే అక్కడికి పోదాం అన్నాను.

తండా

గాంధారి దాకా బస్సు, అక్కడి నుంచి నడక. శాంత గాంధారి పిల్లే. రోజూ తండాకు నడిచి వెళ్ళొస్తుంది. ఇంట్లో జొన్నరొట్టె, పచ్చి పులుసు పెట్టింది. పులుసులో మిరపకాయ కొరికి నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళ అవ్వ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

తండాలో ఆ రోజు తూకం రోజు. రేకుల గదిలో దూలానికి కాంటా వేలాడుతోంది. దానికి గుడ్డ ఉయ్యాల కట్టారు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్ళలో తల్లులకంటే ముసలమ్మలే ఎక్కువ. అద్దాల రవికెలు, చేతినిండా గాజులు, వరసగా గోడకు కూర్చున్నారు. శాంత ఒక్కో పిల్లను ఉయ్యాల్లో వేసి, ముల్లు నిలబడ్డాక గట్టిగా చెబుతోంది, "పదకొండు కిలోల బెల్లం!" అని. ముసలమ్మ చేతులు జోడిస్తోంది. శాంత పిల్ల నోట్లో బెల్లం ముక్క పెడుతోంది.

నాకు అర్థమైంది, అర్థమైనకొద్దీ నెత్తికెక్కింది. మేడారం జాతరలో మనిషిని కాంటా ఎక్కించి, ఆ ఎత్తు బెల్లం సమ్మక్కకు మొక్కుగా ఇస్తారు. ఈ పిల్ల నా శాఖ తూకాన్ని తీసుకెళ్ళి మొక్కులో కలిపింది. పక్కకు పిలిచి కడిగిపారేశాను. నేను నేర్పింది ఇదేనా అన్నాను. శాంత తల వంచుకుని విని, నేను ఆగాక నెమ్మదిగా చెప్పింది.

"మొదలు కాంటా అంటె ఎవ్వరు రాలే మేడమ్. మిర్పకాయలను తూస్తరు గని బిడ్డను తూస్తరా అని కొట్లాటకొచ్చిన్రు. సమ్మక్కకు తూచినట్టే అనుకోండ్రి అన్న. గప్పటికెల్లి వస్తున్రు."

మరి పిల్లలు తండాలో ఎలా ఉండిపోతున్నారు అని అడిగాను. అది తన తెలివి కాదంది. ముసలమ్మలు పెట్టిన కట్టుబాటట అది. మొక్కుకు తూచిన బిడ్డ, ఆ మొక్కు తీరేదాకా పొలిమేర దాటకూడదు. టీచరు పెట్టే ముక్క టీచరు బెల్లం, ఇంటి మొక్కు ఇంటివాళ్ళే తీర్చాలి. పిల్ల ఎత్తు బెల్లం కొనడం కూలివాళ్ళకు అయ్యే పని కాదు గనక పిల్ల ఆగిపోతుంది. ఈ మాట మీద కొడుకులూ కోడళ్ళూ పిల్లల్ని వదిలి లారీ ఎక్కుతున్నారు. రెండేళ్ళ కింద చెరుకు చేలో ఒక పసివాడు పోయిన తర్వాత, ఆ ముసలమ్మలు ఈ కట్టు తెచ్చారు. పోయినవాడు అక్కడ గోడకు కూర్చున్న ఒకామె మనవడే.

ఇక నేనేం తిడతాను? నోరు మూసుకున్నాను. మా వైపు మాత్రం ఏం తక్కువ, మా అమ్మ కూడా నా కూతుర్ని తూచనిచ్చేది కాదు. దిష్టి తగులుతుందని డాక్టరుతో గొడవపడింది.

అంతలో సోమ్లి అనే ముసలావిడ వంతు వచ్చింది. మనవరాలు చాంది. మూడేళ్ళు నిండలేదు. పెద్ద కళ్ళు, వాలిన భుజాలు, ఈ మధ్య జ్వరం వచ్చి తగ్గిందట. పోయిన నెల పది కిలోలని శాంత చెప్పింది. ఉయ్యాల్లో వేయబోతుంటే బయటినుంచి ఒక యువతి పరుగున వచ్చి పిల్లను లాక్కుంది. ఆమె మంగ్లి, చాంది తల్లి, సోమ్లి కోడలు. మర్నాడు వచ్చే లారీకి ఆమె, ఆమె మొగుడు వెళ్ళాలి. కూలీలను కుదిర్చే ముకద్దం దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. మళ్ళీ కాంటా ఎక్కిస్తే మళ్ళీ మొక్కు పడుతుంది, నా బిడ్డను తోలుకపోనియ్యరు అని మంగ్లి గొడవ. ఎక్కించినా ఎక్కించకపోయినా పోయిన నెల మొక్కు అట్లే ఉంది, పిల్ల ఎక్కడికీ రాదని సోమ్లి.

అత్తాకోడళ్ళు తమ భాషలో అరుచుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇదంతా శాంత చెబితేనే తెలిసింది. చివరికి మంగ్లి నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"నిరుడు పెద్దోన్ని ఇడిచిపెట్టి పోతి. మల్లొచ్చేవరకు వాడు మా అత్తనే యాడీ అంటున్నడు. అంటె అమ్మ అని. నన్ను సూసి తలుపెనక దాసుకున్నడు. ఇప్పటికి గూడ నా దగ్గర పండడు. ఇది గూడ గట్లనే అయితది. పట్నంకెల్లి వచ్చినవ్ గద, నువ్వు చెప్పమ్మ. కాంటా ఎక్కితె మొక్కేనా?"

గదిలో అందరూ నన్నే చూశారు. శాంత నేల చూపులు చూసింది. ఇన్నేళ్ళు ఎంతమంది ముందు బల్ల గుద్ది చెప్పానో, మొక్కుల్లేవు, దిష్టుల్లేవు అని. ఆ గోడకు కూర్చున్న ముసలమ్మల ముఖాలు చూశాను. ఆ మనవడు పోయినామె చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"మొక్కే," అన్నాను.

మంగ్లి పిల్లను చంకన వేసుకుని వెళ్ళిపోయింది. సోమ్లి నాకు దండం పెట్టబోతే నేను తప్పుకున్నాను. ఆ దండం నాకు వద్దనిపించింది.

లారీ

ఆ రాత్రి శాంత ఇంట్లో పడుకున్నాం. పొద్దున్నే మళ్ళీ తండాకు బయల్దేరితే నజ్మా వద్దనలేదు. ఆమెకూ మనసు అక్కడే ఉన్నట్టుంది.

లారీ వచ్చి నిలబడి ఉంది. సామాను ఎక్కిస్తున్నారు. గిన్నెలు, గొంగళ్ళు, కొడవళ్ళు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ముకద్దం కేకలేస్తున్నాడు. రేకుల గది తలుపు తీసి శాంత చీపురు పట్టుకుందో లేదో, మంగ్లి వచ్చింది. ఒక చంకన చాంది, నెత్తిన గోనె సంచి. వెనక సోమ్లి లబలబలాడుతూ వస్తోంది. మంగ్లి సంచి దించి మూతి విప్పింది. లోపల బెల్లం ముద్దలు.

నిన్న సాయంత్రమే మొగుణ్ణి గాంధారికి పంపి, ముకద్దం ఇచ్చిన డబ్బులోంచి తెప్పించిందట. దారి ఖర్చుకు ఏం ఉంచుకుందో నేనడగలేదు. పది కిలోలు, పోయిన నెల టీచరు గట్టిగా చెప్పినంత.

"మొక్కన్నవ్ గద అమ్మ," అంది నాతో. మాటలో ఎగతాళి లేదు. "తీరుస్త. తీర్చినంక తోల్కపోత. ఇగ ఎవ్వరు ఆపద్దు."

నా మాట నాకే అప్పగించింది. సోమ్లి గడప మీద కూలబడింది. మొక్కు తీర్చేవాళ్ళను ఆపడానికి ఆమె దగ్గర మరో మాట లేదు. నా దగ్గరా లేదు. అబద్ధం చెప్పానని ఇప్పుడంటే ఆ కట్టు మొత్తం తెగిపోతుంది, మిగతా పిల్లలు కూడా లారీ ఎక్కేస్తారు. నజ్మా నా చెయ్యి పట్టుకుంది.

శాంత సంచిని కాంటాకు తగిలించింది. ముల్లు సరిగ్గా పది దగ్గర నిలిచింది. సంచి దించి, గుడ్డ ఉయ్యాల కట్టి, చాందిని తీసుకుంది. పిల్ల ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఉన్నట్టు లేదు. ముల్లు ఊగి ఊగి ఆగింది. పదికి చాలా ఇవతలే ఆగింది.

శాంత ఈసారి గట్టిగా చెప్పలేదు, అసలు చెప్పనే లేదు. పిల్లను దించి సోమ్లి ఒళ్ళో పెట్టింది. మళ్ళీ సంచి తగిలించి, అందులోంచి ఒక ముద్ద తీసి మంగ్లి చేతికిచ్చింది. ముల్లు కొంచెం దిగింది. ఇంకో ముద్ద తీసింది. మంగ్లి కొంగు పట్టింది. మొక్కు పిల్ల ఎత్తుకు సమంగా ఉండాలి, ఎక్కువ తీసుకోకూడదు. శాంత చేసింది అంతే, ఎవరికైనా చేసే పనే. ఇంకొకటి తీసి కొంగులో వేసింది. అప్పుడు గాని ముల్లు చాంది తూకం దగ్గరికి రాలేదు.

మంగ్లి కొంగులోకి చూసుకుంది. ఒక ముద్ద పైకి తీసి అరచేతిలో పెట్టుకుంది. కాసేపు దాన్నే చూసింది. నేనన్నా, నజ్మా అన్నా, ఏ డాక్టరన్నా చెప్పలేని మాట ఆ మిగిలిన బెల్లం చెప్పింది. పిల్ల ఒంట్లోంచి పోయినదంతా ఆమె కొంగులో ఉంది.

బయట ముకద్దం మంగ్లి మొగుడి పేరు పెట్టి అరిచాడు. లారీ హారను మోగింది. అప్పుడు ఏడ్చింది ఆమె. నిలబడే ఏడ్చింది, ముఖం దాచుకోకుండా. నాకూ కళ్ళు నిండాయి. నిన్నటి పచ్చి పులుసు సంగతి చెప్పి ఎవరినీ నమ్మించే పరిస్థితి కాదు.

మంగ్లి ఆ ముద్దలు తీసుకెళ్ళి అత్త ముందు పెట్టింది.

"మొక్కు తీరింది," అంది. "తోల్కపోవచ్చు నేను. గని తోల్కపోను. నువ్వే ఉంచుకో. నేనొచ్చినంక మల్ల కాంటా ఎక్కిస్త. గప్పుడు పది కిలోల బెల్లం సాలొద్దు."

సోమ్లి ఏదో అనబోయింది. మంగ్లి వినకుండానే బయటికి వెళ్ళిపోయింది. పిల్లను ముద్దు పెట్టుకోలేదు, ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే దించలేనని భయపడి ఉంటుంది. లారీ వెనక భాగంలో గిన్నెల మధ్య కూర్చుని, లారీ కదిలేటప్పుడు మాత్రం మా వైపు తిరిగింది. చాంది అప్పటికే బెల్లం ముక్క చప్పరిస్తోంది. తల్లి వెళ్తోందని ఆ పిల్లకు తెలియలేదు.

మళ్ళీ హైదరాబాదు

తిరుగు ప్రయాణంలో కామారెడ్డిలో బెల్లం కొనుక్కుందామనుకున్నాను. కొనలేకపోయాను. రైలు ఎక్కాక నజ్మా కిటికీ దగ్గరికి వచ్చి, మొక్కు సంగతి పైవాళ్ళకు చెబుతారా మేడమ్ అని అడిగింది. పిల్లల తూకం బాగా జరుగుతోందని చెబుతానన్నాను. అది అబద్ధం కాదు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా దిష్టి గురించి తిట్టాను గాని, తిట్టే ముందు మీ ఊళ్ళో ఎవరు ఎందుకు వెళ్ళిపోతారో చెప్పండి అని అడగడం మొదలుపెట్టాను.

ఎండాకాలంలో నజ్మా శిక్షణకు హైదరాబాదు వచ్చింది. వచ్చీ రాగానే నేనడిగింది చాంది గురించే. ఉగాది దాటి లారీ తిరిగొచ్చిందట. ఆ రోజు నజ్మా తండాలోనే ఉంది. మంగ్లి ఇంటికి పోకుండా, సామాను దించకుండా, నేరుగా రేకుల గదికి వచ్చింది. నెత్తిన గోనె సంచి, అందులో పది కిలోల బెల్లం. సోమ్లి పిల్లను తెచ్చింది. పిల్ల గట్టిగా ఏడ్చి కాళ్ళు కొట్టుకుంటుంటే ఇద్దరు పట్టుకుని ఉయ్యాల్లో వేశారు. ముల్లు పది దాటి పోయింది.

"బెల్లం సాలలే మేడమ్," అంది నజ్మా.

నాకు ప్రాణం లేచొచ్చింది. మరి మంగ్లి ఏమంది, పిల్ల గుర్తుపట్టిందా అని అడిగాను. నజ్మా చాయ్ గ్లాసు కింద పెట్టింది.

ఉయ్యాల్లోంచి దించగానే చాంది సోమ్లి పరికిణీ వెనక దాక్కుందట. యాడీ, యాడీ అని ఆమెనే పట్టుకుందట. మంగ్లి చేతులు చాచి కాసేపు చూసి, చేతులు దించేసుకుంది. ఏడవలేదు. సంచిలోంచి ఒక ముద్ద తీసి, విరిచి, చిన్న ముక్క అరచేతిలో పెట్టుకుని కింద కూర్చుంది. చాలాసేపటికి పరికిణీ వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ ముక్క తీసుకుంది. చెయ్యి బొద్దుగా ఉందట. మంగ్లి ఇంకో ముక్క విరిచింది.